దొరికినవారూ, దొరకనివారూ

1975లో తిరుపతిలో 592 మంది మగ విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగారు. "మీతో కలిపి మీ తల్లిదండ్రులకు కొడుకులెందరు, కూతుళ్ళెందరు?" ఇది కష్టమైన ప్రశ్న కాదు, దాచుకోవలసిన విషయమూ కాదు. వచ్చిన జవాబులన్నీ కూడగా కొడుకులు 1902 మంది, కూతుళ్ళు 1274 మంది అని తేలింది. అంటే నూటికి అరవైమంది మగపిల్లలు. ప్రతి 100 మంది ఆడపిల్లలకు 149 మంది మగపిల్లలన్నమాట! మనుషుల పుట్టుకలలో ఎక్కడా కనిపించని నిష్పత్తి ఇది. విద్యార్థులు అబద్ధమాడలేదు. కూడికలో పొరపాటు లేదు. 592 మంది అంటే తక్కువ సంఖ్యా కాదు. మరి తప్పు ఎక్కడ దూరింది?

ఈ లెక్కను తన పుస్తకంలోని పట్టికలో చేర్చి చూపినవారు ఆచార్య సి. ఆర్. రావు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, సాంఖ్యక శాస్త్రంలో జగద్విఖ్యాతి పొంది, 2023లో 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. కలకత్తా, వాల్తేరు, హైదరాబాదు మొదలైన చోట్ల విద్యార్థుల నుండి వచ్చిన లెక్కలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. అన్నిచోట్లా మగపిల్లలే మితిమీరి కనిపించారు.

కారణం ఇది. ప్రశ్న అడిగినది మగ విద్యార్థులను. ముగ్గురు కొడుకులున్న కుటుంబం ఆ తరగతి గదిలోకి రావడానికి మూడు తోవలున్నాయి. ఆ ముగ్గురిలో ఎవరు వచ్చినా కుటుంబం లెక్కలోకి ఎక్కుతుంది. ఒక్క కొడుకే ఉన్న కుటుంబానికి ఒక్కటే తోవ. కొడుకులు లేక కూతుళ్ళు మాత్రమే ఉన్న కుటుంబానికి తోవే లేదు. కనుక తరగతిలో కుటుంబాలు ఉన్నవి ఉన్నట్లుగా కాక, కొడుకుల సంఖ్యను బట్టి బరువెక్కి కనిపించాయి.

దీనికి రావుగారి సవరణ మిక్కిలి సులభమైనది. జవాబు చెప్పిన కుర్రవాణ్ణి అతని కుటుంబపు లెక్క నుండి తీసివేయాలి. 1902 నుండి 592 పోగా 1310 మంది సోదరులు మిగులుతారు. వారి పక్కన 1274 మంది సోదరీమణులు. ఇప్పుడు మగపిల్లలు నూటికి 50.7 మంది. ఇది లోకానుభవంతో సరిపోతున్న సంఖ్య. ఉపాధ్యాయులు తమ తరగతిలోనే దీనిని చేసి చూపవచ్చు. బాలికల పాఠశాలలో చేస్తే తప్పు రెండోవైపుకు ఒరుగుతుంది.

ఇంతవరకు వింటే గణితం గెలిచిందని సంతోషం కలుగుతుంది. అయితే ఇక్కడ ఒక్కక్షణం ఆగాలి. ఒక ఊరిలో ప్రతి దంపతులూ కొడుకు పుట్టేదాకా కని, కొడుకు పుట్టగానే ఆపివేస్తారని అనుకొందాం. ఆ ఊరిలో కూడా పుట్టే పిల్లలలో సగం మగ, సగం ఆడ అయివుంటారు. ఎందుకంటే ఆపే నియమం ఒక్కొక్క పుట్టుకలోని అవకాశాన్ని మార్చలేదు. కాని ఆ ఊరి మగ విద్యార్థులలో ఎవ్వరికీ అన్నదమ్ములుండరు. వారిని ప్రశ్నించి రావుగారి సవరణను గుడ్డిగా చేస్తే సోదరుల సంఖ్య సున్న! నూటికి సున్నమంది మగపిల్లలని తేలుతుంది. సవరణ చేయకపోతేనే జవాబు సరిగా వస్తుంది. అంటే సవరణ మంచిదా చెడ్డదా అన్నది అంకెలలో లేదు; ఆ కుటుంబాలు ఎట్లా నడుచుకొంటాయన్న తెలివిడిలో ఉన్నది. తిరుపతి లెక్కకు సవరణ కుదిరిందంటే అక్కడి కుటుంబాలు ఈ ఊహలోని ఊరి కుటుంబాలవంటివి కావు గనుక కుదిరింది.

సమాజ పరిశోధనలో ‘అందని వర్గాలు’ అని కొందరిని వ్యవహరిస్తారు. ఇల్లులేనివారు, ఊరూరూ తిరిగే కూలీలు, మాదకద్రవ్యాలకు లోబడినవారు, లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు, కార్డూ చిరునామా లేక కాలువగట్ల మీద బ్రతికే కుటుంబాలు ఈ కోవలోకి వస్తారు. వీరిని గురించి వెలువడే అధ్యయనాలలో శాతాలు ధారాళంగా ఉంటాయి. ఆ శాతాలను చదివేటప్పుడు తిరుపతి కుర్రవాళ్ళను గుర్తు పెట్టుకోవడం చాలా అవసరం.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఆ మాట నిజం కావడానికి కుండలోని నీరు మెతుకులన్నింటికీ సమంగా తగలాలి. ధాన్యపు వ్యాపారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. అందుకే అతడు బస్తా మూతి దగ్గరి గింజలు చూసి తృప్తిపడక, ఇనుప గొట్టం లోపలికి గుచ్చి అడుగునుండి మచ్చు తీస్తాడు. సాంఖ్యక శాస్త్రం కోరేది కూడా ఇదే. సముదాయంలోని ప్రతి మనిషికీ మచ్చులో పడే అవకాశం ఉండాలి. ఆ అవకాశం ఎంతో తెలిసివుండాలి. అవకాశాలు సమానంగా లేకపోయినా ఫరవాలేదు, తెలిస్తే చాలు. ఎక్కువ అవకాశమున్నవానికి తక్కువ బరువిచ్చి సరిచేయవచ్చు.

అవకాశం తెలియాలంటే ముందు జాబితా ఒకటి ఉండాలి. 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే పల్లెలను, పట్టణాలలోని వాడలను యాదృచ్ఛికంగా ఎన్నుకొని, వాటిలోని గృహాల జాబితా వ్రాసి, ఆ జాబితా నుండి కొన్నింటిని తీసుకొంటుంది. మహలనోబిస్ పండితుని నాయకత్వంలో రూపొందిన ఈ పద్ధతిని ఎన్నో దేశాలు మెచ్చుకొన్నాయి. ఆ సర్వే సూచనలలోనే నిజాయితీగా ఒకమాట వ్రాసి ఉంటుంది: స్థిరమైన నివాసం లేని సంచార జనాన్ని జాబితాలో చేర్చనక్కరలేదు, వంతెన కిందనో, రోడ్డు పక్కనో ఉన్నా, ఇంచుమించు ఒకేచోట ఉండే కుటుంబాన్ని మాత్రం చేర్చాలి. ఇది సర్వే చేసేవారి నిర్లక్ష్యం కాదు. జాబితా పద్ధతికి ఉన్న పొలిమేర అక్కడిదాకానే.

ఆ పొలిమేర అవతల ఉన్నవారికి ఉదాహరణగా యానాదులను తీసుకోవచ్చు. చిత్తూరు, నెల్లూరు సీమలలో, 2022 ఏప్రిల్‌లో ఆ రెండు జిల్లాల భాగాలతో ఏర్పడిన తిరుపతి జిల్లాలో వీరి గుడిసెలు చెరువుగట్ల మీద, కాలువల పక్కన, తోటల కాపలా దగ్గర నాలుగైదేసి చొప్పున విసిరేసినట్లుంటాయి. పనికోసం కుటుంబమంతా తరలిపోవడం వీరిలో కొత్త కాదు. వీరిలో రేషను కార్డు ఉన్న కుటుంబాలు నూటికి ఎన్ని అని ఒక పరిశోధకుడు తెలుసుకోదలచాడనుకొందాం. జాబితా లేదు. అందుచేత అతడు ఒక పెద్దమనిషిని పట్టుకొంటాడు. ఆయన పది కుటుంబాలను చూపుతాడు, ఆ పది కుటుంబాలు మరి కొన్నింటిని చూపుతాయి. ఈ విధంగా మూడు వందల కుటుంబాలు పూర్తికాగానే పరిశోధకుడు శాతాలు కట్టి, దశాంశ స్థానాలతో సహా పట్టికలు వేస్తాడు.

దీనికి ఇంగ్లీషులో మంచుముద్ద పేరు పెట్టారు, దొర్లినకొద్దీ పెద్దదవుతుందని. చిత్తూరు సీమలో మంచుముద్దను దొర్లించినవారు ఉండరు గనుక గొలుసు పద్ధతి అనడం మేలు. ఇందులో లోపమేమిటో ఆలోచించనక్కరలేకుండానే తడుతుంది. ఆ పెద్దమనిషికి తెలిసిన కుటుంబాలేవి? కార్డుకోసం, పింఛనుకోసం ఆయన చుట్టూ తిరిగినవి. కార్డులున్న కుటుంబాలే ముందు గొలుసులో పడతాయి. కార్డు లేనివారు అసలు ఆయన గడపే తొక్కి ఉండకపోవచ్చు.

విచిత్రమేమంటే ఈ పద్ధతికి గణితపు పునాది వేసిన లియో గుడ్‌మన్ 1961లో వ్రాసిన వ్యాసంలో గొలుసు మొదటి కడియాలను యాదృచ్ఛికంగా, అంటే జాబితా నుండే, తీసుకోవాలన్నాడు. ఆయన ఉద్దేశించినది మనుషుల మధ్యనున్న సంబంధాలను కొలవడం. తరువాతి పరిశోధకులు పేరు ఉంచుకొని షరతు వదలిపెట్టారు. ఇంటి ప్లాను చూపి అప్పు తీసుకొని, పునాది లేకుండా గోడలు లేపినట్లున్నది.

ఈ లోపాన్ని గుర్తించి సరిచేయబూనినవాడు డగ్లస్ హెకాథార్న్. 1997లో ఆయన ప్రకటించిన పద్ధతిని చీటీల పద్ధతి అనవచ్చు. మొదట కొద్దిమందిని ఎంచి, మాట్లాడి, ఒక్కొక్కరికీ సాధారణంగా మూడేసి చీటీలు ఇస్తారు. వారు తమ తోటివారికి ఆ చీటీలు అందిస్తారు. చీటీ తెచ్చినవారితో మాట్లాడి, వారికీ మూడు చీటీలు ఇస్తారు. వచ్చినందుకూ, మరొకరిని పంపినందుకూ కొంత ప్రతిఫలం ఉంటుంది. చీటీలు మూడే గనుక ఒక్క పెద్దమనిషే అందరినీ నింపివేయలేడు. గొలుసులు పొడవయ్యేకొద్దీ మొదటివారి ప్రభావం తగ్గుతుంది. తోటివారి పేర్లు పరిశోధకునికి చెప్పవలసిన అవసరమూ ఉండదు. భయంతో బ్రతికేవారి విషయంలో ఇది చిన్న మేలు కాదు. అన్నిటికంటె ముఖ్యం, ప్రతివారినీ "మీకు ఈ వర్గంలో తెలిసినవారెందరు?" అని అడుగుతారు. పదిమందిని ఎరిగినవానికి పది తోవలు, ఇద్దరిని ఎరిగినవానికి రెండు తోవలు. కాబట్టి మొదటివానికి పదోవంతు, రెండోవానికి సగం బరువు ఇస్తారు. తిరుపతి కుర్రవాళ్ళ లెక్కకూ దీనికీ ఉన్న చుట్టరికాన్ని పాఠకులు ఈపాటికి పోల్చుకొనే ఉంటారు. ఇక్కడ అన్నదమ్ముల స్థానంలో పరిచయస్థులు వచ్చారు, అంతే.

చిన్న లెక్కతో దీని బలాన్నీ బలహీనతనూ చూడవచ్చు. ఒకచోట 200 కుటుంబాలున్నాయనుకొందాం. సగం కుటుంబాలకు కార్డులున్నాయి. అవి ఒక్కొక్కటి పదేసి కుటుంబాలను ఎరుగును. కార్డులు లేని సగం రెండేసి కుటుంబాలనే ఎరుగును. పరిచయాల మీదుగా 120 కుటుంబాల మచ్చు తీస్తే పదికి రెండు చొప్పున, కార్డులున్నవి 100, లేనివి 20 దొరుకుతాయి. ఏ సవరణా లేకుండా చూస్తే కార్డులున్నవారు నూటికి 83! నిజం 50. బరువులు వేస్తే 100ను పదితో భాగించగా 10, 20ని రెండుతో భాగించగా 10. సరిగ్గా సగం సగం. పద్ధతి గెలిచింది.

ఇప్పుడు ఒక చిన్న మార్పు చేద్దాం. ఎంతమంది తెలుసునని అడిగితే మనుషులు వ్రేళ్ళు మడిచి లెక్కించి చెప్పరు. "ఓ ఐదుగురు", "ఓ పదిమంది" అంటారు. ఇద్దరిని ఎరిగినవారు మాటవరసకు ఐదుగురన్నారనుకొందాం. అప్పుడు 20ని ఐదుతో భాగించాలి, వచ్చేది 4. కార్డులున్నవారు 14లో 10, అంటే నూటికి 71. ఒక్క మాటలోని తేడా ఇరవై ఒక్క శాతం తేడా అయి కూర్చున్నది. ఇక ఎవరినీ ఎరుగని కుటుంబాలు, చెరువు అవతలి గట్టున ఒంటరిగా ఉన్నవి, మరి 50 ఉన్నాయనీ, వాటికీ కార్డులు లేవనీ అనుకొంటే నిజమైన శాతం 40కి దిగుతుంది. ఏ బరువూ వారిని లెక్కలోకి తేలేదు. సున్నతో భాగించడం ఏ గణితానికీ చేతకాదు.

ఇది ఊహలో అల్లిన లెక్క అని కొందరు అనవచ్చు. అసలైన పరీక్ష కూడా జరిగింది. ఉగాండాలోని పల్లెలలో ఒక పరిశోధక బృందం గృహ యజమానులైన 2402 మంది పురుషుల వివరాలు ముందుగానే తెలిసివున్నచోట చీటీల పద్ధతిని నడిపించి చూసింది. వీరు అందనివారు కారు, అందరూ తెలిసినవారే. కాబట్టి పద్ధతి ఇచ్చిన జవాబును నిజంతో పోల్చడానికి వీలైంది. చీటీలతో వచ్చినవారు 927 మంది. ఇంత పెద్ద మచ్చులో కూడా చిన్నవయస్సువారు, కలిగినవారు తక్కువగా పడ్డారు. సవరణ చేసినా ఆ ఒరుగుదల చాలా అంశాలలో తగ్గలేదు. నూటికి 95 సార్లు నిజాన్ని తమలో ఇముడ్చుకోవలసిన హద్దులు, ఎంచుకొన్న సూత్రాన్నిబట్టి సగం నుండి మూడువంతుల వరకే ఇముడ్చుకొన్నాయి. 2012లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతకు రెండేళ్ళ ముందే షరద్ గోయల్, మాథ్యూ సాల్గానిక్ ఈ పద్ధతిలోని అనిశ్చితి ప్రచారంలో ఉన్నదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువని చూపారు. గొలుసులో పక్కపక్కనున్నవారు ఒకరినొకరు పోలి ఉంటారు గదా! పదిమందిని అడిగామనుకొంటాము, నిజానికి ఇద్దరు ముగ్గురు చెప్పినంతే కొత్త సమాచారం వస్తుంది.

రెండో మార్గం మనుషుల వెంట కాక తావుల వెంట పోవడం. దీనికి చిత్తూరు జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. హెచ్.ఐ.వి. నిరోధానికి 2003లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ సహాయంతో ‘అవాహన్’ కార్యక్రమం మొదలైంది. దాని ఫలితాన్ని కొలవడానికి భారత వైద్య పరిశోధన మండలి సంస్థలు ఆరు రాష్ట్రాలలో సర్వే చేశాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నుకొన్న ఎనిమిది జిల్లాలలో చిత్తూరు ఒకటి. మొదటి విడత 2005-07లో, రెండో విడత 2009-10లో జరిగింది. ఒక్కొక్క వర్గం నుండి జిల్లాకు సుమారు 400 మంది లక్ష్యం. లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలలో బహిరంగ స్థలాలలో కనిపించేవారి విషయంలో తావు-వేళ పద్ధతిని వాడారు. ముందుగా తావులన్నింటినీ తిరిగి పటం గీసుకోవాలి. ఏ తావులో ఏ వారం, ఏ వేళ ఎందరుంటారో వ్రాసుకోవాలి. ఆ తావు-వేళల జతలే జాబితా అవుతాయి. అందులోనుండి కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎన్నుకొని, ఆ వేళకు అక్కడున్నవారితో మాట్లాడాలి.

గొలుసు పద్ధతికంటె ఇది ఒక మెట్టు పైన ఉన్నదని ఒప్పుకోక తప్పదు. మనుషుల జాబితా లేకపోయినా తావుల జాబితా ఉన్నది. ఎవరు దొరకాలన్నది ఒక నాయకుని చేతిలో లేదు. ప్రతి మనిషి చేతికీ చీటీ వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. వారానికి ఆరు రోజులు ఆ తావుకు వచ్చే మనిషి, ఒక్కరోజే వచ్చే మనిషికంటె ఆరురెట్లు సులభంగా మచ్చులో పడుతుంది. ఈ చిక్కుకు విరుగుడు 1949లోనే పొలిట్జ్, సిమన్స్ అనే ఇద్దరు చెప్పారు. ఇంటింటికీ పోయే సర్వేలలో ఇంటిపట్టున ఉండేవారే ఎక్కువగా దొరుకుతున్నారని గమనించి, "గడిచిన ఐదు సాయంత్రాలలో ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నారు?" అని అడిగి ఆ జవాబునుబట్టి బరువులు వేశారు. ఒక్క ప్రశ్నతో తీరే పని. తావుల సర్వేలలో ఈ ప్రశ్న అడగడం ఎంత ముఖ్యమో, దాని జవాబును లెక్కలో నిజంగా వాడడమూ అంత ముఖ్యం.

రెండో ప్రశ్న మరింత లోతైనది. ఆ సంవత్సరాలలోనే సెల్‌ఫోను పల్లెపల్లెకూ వ్యాపించింది. ఫోనులో మాట్లాడుకొనే వీలు వచ్చాక ఏ మనిషైనా వీధిలో నిలబడవలసిన అవసరం తగ్గుతుంది. మొదటి విడతలో తావులో కనిపించినవారు రెండో విడతలో ఫోను వెనుకకు జరిగితే, తావు-వేళ జాబితాకు వారు కనిపించరు. అప్పుడు రెండు విడతల అంకెలలోని తేడాలో కార్యక్రమం వల్ల వచ్చిన మార్పు ఎంత, తావులకు వచ్చే మనుషులే మారినందువల్ల వచ్చిన తేడా ఎంత అన్నది విడదీయడం సులభం కాదు. సర్వే చేసినవారి శ్రమను తక్కువ చేయడం దీని ఉద్దేశం కాదు. వందలమంది కార్యకర్తలు తిరిగి, ఎవరి పేరూ బయటపడకుండా చేసిన పని అది. దాని అంకెలను ఉదహరించేవారు మాత్రం ‘చిత్తూరు జిల్లాలోని ఈ వృత్తివారిలో నూటికి ఇంత’ అనడం కంటె ‘ఆ ఏడు ఆ తావులకు వచ్చేవారిలో నూటికి ఇంత’ అని వ్రాయడం న్యాయం. ఈ రెండు వాక్యాల మధ్యనున్న దూరంలోనే చికిత్స అందనివారు ఉంటారు.

ఇక తిరుపతికి తిరిగి వద్దాం. ఇల్లులేనివారిని లెక్కించడానికి భారత జనగణనలో ప్రత్యేకంగా ఒక రాత్రి ఉన్నది. 2001లోనూ 2011లోనూ అది ఫిబ్రవరి 28 రాత్రి. రోడ్ల పక్కన, ఫుట్‌పాతుల మీద, నీటి గొట్టాలలో, వంతెనల కింద, గుళ్ళ ఆవరణలలో, మండపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బయలున ఉండేవారందరూ ఈ లెక్కలోకి వస్తారు. 2001లో దేశం మొత్తంమీద 19.4 లక్షలు, 2011లో 17.7 లక్షలమంది ఇల్లులేనివారని తేలింది. పదేళ్ళలో జనాభా పెరిగి, ఇల్లులేనివారు తగ్గారా? తగ్గి ఉండవచ్చు. లేక ఆ ఒక్కరాత్రి దొరకనివారు పెరిగి ఉండవచ్చు. అంకెను చూచి చెప్పడానికి వీలులేదు.

మిగిలిన ఊళ్ళలో ఈ రాత్రి లెక్కలో భయం మనుషులు తప్పిపోతారని. తిరుపతిలో అదనంగా మరో భయం ఉన్నది, కానివారు చేరిపోతారని. కొండకు వచ్చే యాత్రికులు రోజుకు వేలల్లో, తరచు అరవై డెబ్బయి వేలకు పైగా ఉంటారు. రైల్వేస్టేషను ఎదుట విష్ణునివాసం, బస్‌స్టాండు ఎదుట శ్రీనివాసం నిండిపోయాక, గది దొరకని కుటుంబాలు దుప్పటి పరచుకొని ఎక్కడ వీలైతే అక్కడ నిద్రపోతాయి. వారి పక్కనే నిజంగా ఇల్లులేనివారూ నిద్రపోతుంటారు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని వచ్చిన గణకునికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నిద్రలేపి అడిగితే యాత్రికుడు ఊరిపేరు చెబుతాడు. ఇల్లులేని ముసలివాడూ ఒక ఊరిపేరు చెబుతాడు. ఊరులేని మనిషి ఎవడు?

ఒక్కరాత్రి లెక్కలో తప్పినవారిని పట్టడానికి చేపల శాస్త్రం నుండి వచ్చిన ఉపాయం ఒకటి ఉన్నది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ పందొమ్మిదో శతాబ్దం చివర కొన్ని చేపలను పట్టి, గుర్తు పెట్టి వదిలి, మళ్ళీ వల వేసినపుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసేవాడు. ఇదే పద్ధతిలో రెండు రాత్రులు లెక్క తీయవచ్చు. మొదటి రాత్రి 400 మంది, రెండో రాత్రి 300 మంది దొరికి, రెండు రాత్రులూ దొరికినవారు 200 మంది అనుకొందాం. 400ను 300తో గుణించి 200తో భాగిస్తే మొత్తం 600 మంది. నిజంగా చూసినవారు 500 మందే గనుక చూడనివారు 100 మంది అని సూత్రం చెబుతుంది. ఎంతో సొగసైన లెక్క. కాని ఇది చేపలన్నీ వలకు సమానంగా పడతాయన్న నమ్మకం మీద నిలిచింది. రైల్వేస్టేషను మెట్ల దగ్గర స్థిరపడినవాడు రెండు రాత్రులూ దొరుకుతాడు. పోలీసు ఈలకు జడిసి కపిలతీర్థం రోడ్డు పక్కన పొదల వెనుకకు పోయే మనిషి రెండు రాత్రులూ దొరకడు. అట్లాంటివారు 300 మంది ఉన్నా సూత్రం 600 దగ్గరే ఉంటుంది. తప్పు ఎప్పుడూ ఒకేవైపుకు, తక్కువ వైపుకే జరుగుతుంది. చెరువులో కూడా బురదలో దాగే చేప వలకు పడదు. అయితే దానికి రాత్రి బస అవసరం లేదు గనుక ఎవరికీ నష్టం లేదు.

న్యూయార్కు నగరంలో మరో యుక్తి చేశారు. ఇల్లులేనివారి లెక్క జరిగే రాత్రి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలను, గణకులకు చెప్పకుండా, వీధులలో కూర్చుండబెట్టారు. వీరిలో ఎందరు లెక్కలో పడ్డారో చూస్తే ఎందరు తప్పిపోతున్నారో తెలుస్తుంది. ఇది గణకుని శ్రద్ధను కొలుస్తుంది, అందులో సందేహం లేదు. అయితే కార్యకర్త దాక్కోడు. కనిపించడానికి కూర్చున్నవాడు తప్పిపోవడం వేరు, కనిపించకూడదని కూర్చున్నవాడు తప్పిపోవడం వేరు.

ఈ లెక్కల వెనుక ఎంత పని ఆగివున్నదో గమనించాలి. పట్టణ ఆశ్రయాల పథకంలో 2013లో పెట్టిన నియమం ప్రకారం లక్ష పట్టణ జనాభాకు కనీసం వందమందికి చోటుండాలి. 2011 లెక్కలో తిరుపతి నగర జనాభా దాదాపు 2 లక్షల 87 వేలు. అంటే ఇంచుమించు 287 మందికి చోటు. ఈ అంకె ఇల్లులేనివారిని లెక్కించగా వచ్చినది కాదు, ఇళ్ళున్నవారిని లెక్కించగా వచ్చినది. యాత్రికులతో బ్రతికే నగరానికీ, యాత్రికులే లేని నగరానికీ ఒకే కొలబద్ద. నిజమైన లెక్క లేనిచోట ఇటువంటి నియమం ఉండడం ఏమీ లేకపోవడంకంటె మేలే. కాని అది లెక్క స్థానంలో కూర్చొని లెక్క అవసరం లేదనిపిస్తే మాత్రం కీడు.

అందని వర్గాల మీద వచ్చే నివేదికలలో మచ్చు ఎంత పెద్దదో మొదటి పేజీలోనే ఉంటుంది. ఎవరికి మచ్చులో పడే అవకాశమే లేదో చెప్పే పేరా వెతికినా దొరకదు. గొలుసు ఎవరి దగ్గర మొదలైంది, ఎన్ని చీటీలు ఇచ్చారు, ఎన్ని తిరిగి రాలేదు, తావుల పటం ఏ నెలలో గీశారు, ఏ వేళలు వదిలివేశారు, ఎందరు మాట్లాడనన్నారు అనే ఆరు వాక్యాలు వ్రాస్తే పుట నిండదు. తిరిగి రాని చీటీల సంఖ్య పట్టికలలోని దశాంశాలకంటె విలువైన సమాచారం. సవరణలు చేయవద్దని కాదు. రావుగారి సవరణ తిరుపతిలో ఎంత చక్కగా పనిచేసిందో చూశాము. అయితే అక్కడ ప్రతి కుర్రవానికీ తన అన్నదమ్ములెందరో తప్పులేకుండా తెలుసు. తోటి ఇల్లులేనివారిని ఎందరిని ఎరుగుదువని అడిగితే అంత నిక్కచ్చిగా చెప్పగలవారు ఎందరు?

2025లో వెలువడిన ప్రకటన ప్రకారం తరువాతి జనగణనకు దేశంలో చాలా భాగానికి ప్రమాణ సమయం 2027 మార్చి 1వ తేదీ తొలి ఘడియ. దాని ముందటి రాత్రి తిరుపతి రైల్వేస్టేషను బయట ముగ్గురు పక్కపక్కన పడుకొని ఉన్నారనుకొందాం. ఒకరు మర్నాటి రైలుకు టిక్కెట్టున్న యాత్రికుడు. ఒకరు ఎన్నో ఏళ్ళ క్రితం దర్శనానికి వచ్చి, తిరిగి పోవడానికి ఎవరూ లేక ఇక్కడే ఉండిపోయిన అవ్వ. ఒకరు హోటల్లో పాత్రలు తోమే కూలీ. నలభై మైళ్ళ దూరంలోని పల్లెలో గుడిసె ఉన్నది, వారంలో ఐదు రాత్రులు మాత్రం ఈ మెట్ల దగ్గరే. ఊరెక్కడని అడిగితే ముగ్గురికీ జవాబుంది. ముగ్గురినీ విడదీసే ప్రశ్న వేరే ఉన్నది: "గడిచిన ఏడు రాత్రులలో ఎన్ని రాత్రులు ఇక్కడ పడుకొన్నారు?" 2011 జనగణన పట్టికలో 29 ప్రశ్నలుండేవి. వాటిలో ఈ ప్రశ్న లేదు.